తెరచాప కొయ్య కింద నారింజ

మార్చి 2, 1947

ఇవాళ మా పడవ ‘అసుంతా’ పాత కొయ్య పీకారు. జర్మన్లు వెళ్ళిపోతూ రేవులోనే ముంచేసిన పడవ కదా, తెరచాప కొయ్య మొదలంతా ఉప్పునీళ్ళలో నాని నల్లబడిపోయింది. రేవులో వాళ్ళందరూ తాళ్ళు పట్టి లాగితే, దవడపన్ను ఊడినట్టు ఒక తడి చప్పుడుతో పైకొచ్చింది. ప్రాస్పెరో మేస్త్రి బోర్లా పడుకుని, కొయ్య పాదం కూర్చునే గుంటలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. ఆ గుంటను స్కాస్సా అంటారట. పుట్టినప్పటి నుంచీ ఆ పడవలో ఆడుకున్నాను, ఆ మాట నాకు తెలియదు. ఇంటికొచ్చేదాకా నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను.

మేస్త్రి చెయ్యి బయటికి తీస్తే అందులో ఒక పచ్చటి బిళ్ళ ఉంది. పడవ కట్టినప్పుడు మా తాత కొయ్య కింద పెట్టిన రాగి నాణెం. దానిమీద ఏ రాజు ఉండేవాడో, ఇప్పుడు ముక్కూ లేదు, మొహమూ లేదు. ఎవరూ చెప్పకుండానే అందరూ టోపీలు తీశారు. తాత వేళ్ళు వదిలిన తర్వాత దానికి వెలుతురు తగలడం ఇదే మొదటిసారి. నాన్న దాన్ని ముద్దు పెట్టుకుని సముద్రంలోకి విసిరాడు. పాత నాణెం సముద్రానిది.

అన్నయ్య పడవకు ఆ చివర నుంచున్నాడు, నాన్న ఈ చివర. మునిగిన పడవను పైకి తెచ్చినప్పుడు ఇద్దరూ ఒకే తాడు పట్టుకున్నారు. అది పోయిన మేలో, రాజు కావాలా రిపబ్లిక్ కావాలా అని ఓట్లు వెయ్యకముందు.

భోజనం దగ్గర నాన్న మాట్లాడలేదు. గొంతు బాగాలేనట్టుంది.

మార్చి 4

కొత్త కొయ్య కింద ఏ నాణెం పెట్టాలి? దీనిమీద గొడవైంది. మా ఇంట్లో ఇప్పుడు గొడవంతా అమ్మ మీదుగానే నడుస్తుంది. ఆవిడ మధ్యలో కూర్చుని సూప్ తాగుతూ ఉంటుంది, మాటలు ఆవిడ తల మీదుగా అటూ ఇటూ పోతూ ఉంటాయి.

నాన్న దగ్గర ఒక వెండి నాణెం ఉంది, రెండు లీరాలది. మొదటి యుద్ధంలో యుద్ధనౌక మీద పనిచేసి దిగిన రోజు చేతిలో పెట్టారట. రాజుగారి తల ఉంటుంది. నాన్న దాన్ని ఎన్నో ఏళ్ళుగా ఇందుకోసమే దాచాడు.

“అమ్మా, ఆ తల మీద కొయ్య నిలబెడితే నేను పడవెక్కనని చెప్పు” అన్నాడు అన్నయ్య.

వాడి కారణం వాడిది. నలభైమూడు సెప్టెంబరులో రాజుగారు తెల్లవారకుండా కారెక్కి వెళ్ళిపోయారు. సైన్యం బారకాసుల్లో ఉన్న అన్నయ్యలాంటి కుర్రాళ్ళకు ఒక్క మాట చెప్పినవాడు లేడు. అన్నయ్య రైలు పట్టాల వెంట నడుచుకుంటూ ఇంటికొచ్చి, అట్నుంచి అటే జర్మన్ల మీద పోరాడేవాళ్ళతో కొండల్లోకి పోయాడు. వాడితో బయల్దేరిన కుర్రాళ్ళందరూ ఇళ్ళకు చేరలేదు. యువరాజు పేరే కదా వాడికి పెట్టింది, ఉంబెర్తో అని. రేవులో వాళ్ళు “యువరాజా, మేకు అందుకో” అని ఏడిపిస్తూంటారు. వాడు నవ్వుతాడు. ఇంట్లో మాత్రం నవ్వడు.

నాన్న సూప్ గిన్నెలోకి చూస్తూ అమ్మతో చెప్పాడు: “తెక్లా, ఆ రోజు దేశాన్ని ఎవరేలుతుంటే వాళ్ళ నాణెమే పెట్టాలి. అది మా నాన్న మాట. రిపబ్లిక్ అంటున్నాడుగా నీ కొడుకు, దాని నాణెం ఒక్కటన్నా చూశాడేమో అడుగు. పొగాకు కొట్లో చిల్లరకి చెయ్యి చాపితే పిప్పరమెంటు పెడుతున్నారు. నాణెం లేని ప్రభుత్వమేం ప్రభుత్వం. తెచ్చి చూపించమను, పెడతాను.”

మేస్త్రిని అడిగాను, రెండూ పెడితే పోదా అని. ఒక కొయ్య కింద ఇద్దరు యజమానులుంటే పడవ ఎవరి మాట వినాలి అన్నాడు.

ఎల్బా దీవి నుంచి ద్రాక్షసారా పీపాలు తెచ్చే పని మే నెలాఖరు దాకా మాకోసం ఆపుతారట. ఆ తర్వాత ఇంకో పడవకు ఇచ్చేస్తారు. నాన్న నాణెం పెట్టకపోతే కొయ్య లేవదు. అన్నయ్య ఎక్కకపోతే తెరచాప పట్టేవాళ్ళు లేరు, నాన్న ఒక్కడి భుజాల వల్ల అయ్యేది కాదు. కాబట్టి నేను రిపబ్లిక్ నాణెం తెస్తాను. ఇది ఇక్కడ రాశాను, ఇక మాట తప్పడానికి లేదు.

(అమ్మ ఓటు ఎటు వేసిందో ఇప్పటికీ చెప్పదు. అడిగితే చేపలు తోముకుంటుంది.)

మార్చి 8

ఓర్సోలా నడిపే పొగాకు కొట్లో రిపబ్లిక్ నాణెం లేదు. స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర లేదు. కియావరి పట్నంలో బ్యాంకు గుమస్తా నన్ను కిందికీ పైకీ చూసి, నీకెందుకమ్మాయ్ అన్నాడు. పడవ కింద పెట్టడానికి అన్నాను. పక్క గుమస్తాను పిలిచి మళ్ళీ చెప్పించుకున్నాడు.

మార్చి 19

కొత్త కొయ్య వచ్చింది. పై లోయలో కొట్టిన దేవదారు. ఎడ్లబండి మీద వీధి మలుపు తిరగలేక గంటసేపు ఇరుక్కుంది. ఇంకా చెట్టు వాసనే. మేస్త్రి బాడిసెతో చెక్కుతుంటే పేళ్ళు పొడుగ్గా చుట్టలు చుట్టుకుని పడుతున్నాయి. వాటికీ ఏదో పేరు ఉండే ఉంటుంది. అడిగితే “పేళ్ళు” అన్నాడు మేస్త్రి.

నాన్న వచ్చి చూసి వెళ్ళాడు. ఏమీ అనలేదు. గొంతు నొప్పి ఇంకా తగ్గలేదేమో.

మార్చి 30

మట్టల ఆదివారం. దీవించిన ఆలివ్ కొమ్మ ఇంటికి తెచ్చాం. నాణెం లేదు.

ఏప్రిల్ 17

మధ్యలోంచి మొదలుపెట్టాలని ఉంది. అయినా వరసగా రాస్తాను.

దెవోతో టీచరు లాటిన్ పాఠం మధ్యలో పుస్తకం మూసేసింది. రెస్ పూబ్లికా అనే మాట బోర్డు మీద రాసి, ఇది రెండు మాటలు, అందరికీ చెందిన వస్తువు అని అర్థం అంది. ఇన్నాళ్ళూ రిపబ్లిక్ అంటే రేడియోలో వినపడే మాట. అది ఒక వస్తువట, అందరిదట. నేను ఆ ఆశ్చర్యంలో ఉండగానే టీచరు పర్సులోంచి ఏదో తీసి మొదటి బల్ల మీద పెట్టింది. రోములో ఉన్న వాళ్ళ చెల్లెలు పంపిందట. ఒక లీరా. రిపబ్లిక్‌ది.

నాణెం బల్ల నుంచి బల్లకు వచ్చింది. ఎవరి దగ్గరికి వస్తే వాళ్ళు మాటలు ఆపేస్తున్నారు. నా దగ్గరికి వచ్చాక నాకూ అంతే. అరచేతిలో పెడితే పెట్టినట్టే తెలియలేదు. అల్యూమినియం అట, విమానాలు చేసే లోహం. ఒకవైపు ఆడమనిషి ముఖం, జుట్టులో గోధుమ కంకులు. ఏ రాణి అని అడిగింది పక్క అమ్మాయి. ఏ రాణీ కాదు, పూర్వం పంటల దేవత అంది టీచరు. ఇప్పటిదాకా నేను చూసిన ప్రతి నాణెం మీదా ఎవరో ఒకాయన ఉన్నాడు. ఈవిడ ఎవరూ కాదు. ఎవరూ కాని మనిషికి అంత నిండైన ముఖం. రెండోవైపు ఆకులతో సహా ఒక నారింజకాయ.

నారింజకాయ. మా పెరట్లో గోడవారన కాసేదే. దాన్ని తీసుకెళ్ళి ఒక దేశం తన డబ్బు మీద వేసుకుంది. బాంబులు పడిన ఊళ్ళు ఇంకా సగం కూడా లేవలేదు, రొట్టెకు ఇంకా రేషను చీటీలే, అయినా ఎవరో కూర్చుని, ఆ ఆకుల ఈనెలు ఇంత ఓపికగా చెక్కారు. నేను దాన్ని పక్కబల్లకు ఇవ్వడం మర్చిపోయాను.

గంట కొట్టాక టీచరు దగ్గరికి వెళ్ళాను. ఎంతో అందంగా చెప్పాలనుకున్నాను, పడవ, నాన్న, అన్నయ్య అని మూడు మాటలే వచ్చాయి. ఆవిడ బల్ల అంచున కూర్చుని మొత్తం చెప్పించుకుంది. చివరికి అంది: “కాగితం లీరా ఇచ్చి తీసుకో. దీన్ని బహుమతిగా ఇవ్వను. డబ్బు చేతులు మారాలి, అప్పుడే అది డబ్బు.”

ఇంటికొచ్చే రైల్లో పిడికిలి విప్పలేదు.

ఏప్రిల్ 18

నిన్న నిద్ర ముంచుకొచ్చి మిగతాది రాయలేదు. నిన్న సాయంత్రం ఫరినాతా, అదే శనగపిండి అట్టు, తింటూండగా నాణెం బల్ల మీద పెట్టాను. అన్నయ్య దాన్ని తిప్పి చూసి, నెలల తర్వాత ఇంట్లో నవ్వాడు. “రాజుగారి తలకాయ పోయి నారింజకాయ వచ్చిందమ్మా” అన్నాడు.

కూరల బండి కింద పెట్టుకోమను, బాగుంటుంది అన్నాడు నాన్న, అమ్మతో. బొటనవేలి మీద నిలిపి ఉఫ్ అని ఊదాడు. నాణెం ఎగిరి పొయ్యి దగ్గర పడింది. అన్నయ్య మొహం మాడిపోయింది. నేనే పాక్కుంటూ వెళ్ళి తెచ్చాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. నాన్న లేచి నీళ్ళ బకెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఊదితే ఎగురుతోంది, కనీసం మునగడమైనా వచ్చో రాదో చూద్దాం అని, నాణేన్ని రెండు వేళ్ళతో నీళ్ళ మీద పడుకోబెట్టాడు.

మునగలేదు.

దాని చుట్టూ నీళ్ళు, పరుపు మీద పసిబిడ్డ పడుకున్నట్టు, కొంచెం లోపలికి వంగాయి. అంతే. లోహం నీళ్ళ మీద ఆగింది. గోధుమ కంకుల ఆవిడ కప్పు కేసి చూస్తోంది. మేం నలుగురం బకెట్టు చుట్టూ చేరాం. నాన్న వేలితో నొక్కాడు, అప్పుడు మునిగింది. తీసి, తన రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తేలింది. తన తమ్ముడూ, ఓడలూ, చివరికి సొంత పడవా మునగడం చూసిన మనిషి. చాలాసేపు అలాగే వంగి చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత అమ్మతో అన్నాడు: “కొయ్య సిద్ధం కాగానే కబురు పెట్టమని మేస్త్రికి చెప్పు.”

అన్నయ్యతో నేరుగా చెప్పలేదు గానీ, గొంతు నొప్పి కదా, అటు తిరిగి చెప్పడం కష్టం.

మే 5

కొయ్యకు నూనె పట్టిస్తున్నారు. అన్నయ్య ఒకవైపు నుంచి, నాన్న ఒకవైపు నుంచి. మధ్యలో కలుసుకున్న చోట నాన్న గుడ్డ అక్కడ పెట్టేసి ఇంటికి వచ్చేశాడు.

మే 13

వచ్చే బుధవారం కొయ్య లేపుతారు.

మే 20

ఎక్కడ మొదలుపెట్టను.

కొయ్య కిందికి వెళ్ళే నాణేన్ని ముందురోజు బూడిద నీళ్ళలో కడగాలి. సంతల్లో వెయ్యి చేతులు తిరిగిన మురికి పడవలోకి పోకూడదని. కడిగేది యజమానే. తాత అలాగే చేశాడు, తాత నాన్నా అలాగే చేశాడు. రాగి గానీ వెండి గానీ బూడిద నీళ్ళలోంచి తీస్తే తళతళలాడుతుంది. ఇది మా రేవులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అమ్మ ఇవాళ దుప్పట్లు ఉతకడానికి పెద్ద బానలో బూడిద నీళ్ళు మరిగించింది. నేను బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని రొట్టె తింటున్నాను. నాన్న వచ్చాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు. ఆదివారం చొక్కా వేసుకున్నాడు. నన్ను చూడలేదు. నాణేన్ని ముందు పెదాలకు ఆనించుకున్నాడు, తాత నాణేనికి చేసినట్టే. సిలువ గుర్తు వేసుకుని బానలోకి వదిలాడు. ఎవరూ చూడనప్పుడు రిపబ్లిక్‌ని ముద్దు పెట్టుకున్నాడు మా నాన్న. నేను రొట్టె నమలడం ఆపేశాను.

అప్పుడు బాన అడుగు నుంచి బుస్సుమని బుడగలు మొదలయ్యాయి. తెల్లటి నురగ. నాన్న ఒక్క క్షణం అలా చూసి, చొక్కా చెయ్యి కూడా పైకి లాగకుండా, ఆ మరిగే నీళ్ళలోకి చెయ్యి పెట్టేశాడు. అడుగున బూడిదలో తడుముతున్నాడు. దొరకలేదు. మళ్ళీ పెట్టాడు. నేను అరిచానో లేదో గుర్తులేదు.

పైకి తీసేసరికి నాణెం బొగ్గు రంగులో ఉంది. అంచు కొరికేసినట్టు పలచబడింది. కంకుల ఆవిడ ముఖం చెరిగిపోయింది. నారింజకాయ మాత్రం మసగ్గా మిగిలింది.

సరిగ్గా అప్పుడే అన్నయ్య పెరట్లోకి వచ్చాడు. నాణేన్ని చూశాడు, బానను చూశాడు. నాన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“కావాలనే చేశావు” అన్నాడు అన్నయ్య. ఏడాది తర్వాత నాన్నతో నేరుగా అన్న మొదటి మాట అది.

నాన్న జవాబు చెప్పలేదు. అన్నయ్య వెళ్ళిపోయాడు.

నాన్నకు గొంతు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.

మే 21

కొయ్య లేవలేదు. అన్నయ్య మేస్త్రి షెడ్డులో పడుకున్నాడు, పొద్దున రేవుకు రాలేదు. తాళ్ళు పట్టడానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, వాళ్ళ వలల దగ్గరికి పోయారు. ఎల్బా పని చూసే ఆసామి మా రేవు నుంచి సెస్త్రి వెళ్ళి ఇంకో పడవవాళ్ళతో మాట్లాడుతున్నాడని ఓర్సోలా చెప్పింది. అల్యూమినియం గిన్నెలు బూడిదతో తోమితే నల్లబడతాయని జెనోవాలో అందరికీ తెలుసని కూడా చెప్పింది. మా ఇంట్లో అన్నీ రాగి గిన్నెలూ మట్టి కుండలే. మాకెలా తెలుస్తుంది?

బడి మానేసి షెడ్డుకు వెళ్ళాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. నమ్మకం గురించి, ఆచారం గురించి, మంచి మంచి మాటలు. అన్నయ్య పేళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. వాణ్ణి చూడగానే అన్నీ పోయాయి.

ముద్దు పెట్టుకుని వేశాడు అన్నాను. నీకెలా తెలుసు అన్నాడు. మెట్ల మీంచి చూశానన్నాను. నువ్వెప్పుడూ ఆయన పక్షమే అన్నాడు.

“ఎవరి పక్షమూ కాదు. వెళ్ళి ఆయన చెయ్యి చూడు.”

“చేతికేమైంది?”

చెప్పడానికి నా దగ్గర మాట ఉంది, కానీ ఆ మాట నేను అంటే సరిపోదు. వాడే చూడాలి.

సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చాడు. అమ్మ నాన్న చేతికి ఆలివ్ నూనె రాస్తోంది. మోచేతి దాకా చర్మం లేచిపోయింది, వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నట్టు వాచాయి. అన్నయ్య గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి అమ్మ చేతిలోంచి గుడ్డ తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తనే చుట్టాడు. తాడుకి వేసినట్టు చివర గట్టి ముడి వేశాడు. నాన్న గోడ కేసి చూస్తున్నాడు. అమ్మ దీపం వత్తి సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా.

మే 22

లేచింది.

పొద్దున్నే సముద్రం నూనె పోసినట్టు ఉంది. తాళ్ళవాళ్ళు మళ్ళీ వచ్చారు, నిన్నటికంటే ఎక్కువ మంది. ఓర్సోలా కొట్టు మూసి వచ్చింది. కొయ్య గాలిలో వేలాడుతోంది, పాదం స్కాస్సాకు జానెడు పైన. మేస్త్రి చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. నాణెం పెట్టే సమయం. ఇప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.

నాన్న ఎడమచేత్తో జేబు తడిమాడు. ఏ నాణెం తీస్తాడో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. అన్నయ్య కూడా అడగలేదు. అది నేను గమనించాను. తీసింది నల్లబడిన లీరాయే. ముఖం చెరిగిపోయినదే.

కుడిచెయ్యి గుడ్డల్లో ఉంది. ఎడమచేత్తో కొయ్య కిందికి వంగాడు, కానీ ఆ గుంట లోతు, ఒక చెయ్యి అంచును పట్టుకుంటేనే రెండో చెయ్యి లోపలికి అందుతుంది. రెండుసార్లు ప్రయత్నించాడు. మేస్త్రి సాయానికి కదిలాడు. నాన్న వద్దన్నట్టు తల ఊపాడు. యజమాని కానివాడు పెట్టకూడదు, అందరికీ తెలుసు.

నాన్న నిటారుగా లేచి, నాణేన్ని అన్నయ్య ముందు చాపాడు.

అందరికీ ఒకేసారి అర్థమైంది. రేవంతా అర్థమైంది. ఓర్సోలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ నాణెం ఎవరు పెడితే పడవ వాళ్ళది. నాన్నకు ఆ పడవ తాత చేతి నుంచి వచ్చింది, తాత పోయిన తర్వాత.

అన్నయ్య తీసుకోలేదు. నాన్న చెయ్యి అలాగే ఉంది. తాళ్ళు పట్టినవాళ్ళ చేతులు కొయ్య బరువుకు వణుకుతున్నాయి.

“పెట్టు” అన్నాడు నాన్న.

మాట్లాడకూడని చోట మాట్లాడాడు.

అన్నయ్య బోర్లా పడుకున్నాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. లోపల ఏం చేశాడో, ఎంతసేపు వేళ్ళు దానిమీద ఆనించి ఉంచాడో నాకు కనపడలేదు. లేచినప్పుడు మొహం నిండా తారు మరక. ఎవరూ నవ్వలేదు.

కొయ్య దిగింది. దిగేటప్పుడు పడవంతా ఒకసారి మూలిగింది, దానికి ప్రాణం వచ్చినట్టు. నా కాళ్ళ కింద చెక్కలు కదిలాయి. ఇంత పెద్ద చెట్టు, ఇంతమంది బలం, కిందెక్కడో ఊదితే ఎగిరే ఒక బిళ్ళ. ఇది నేను ఎప్పటికైనా సరిగ్గా రాయగలనో లేదో.

ఇంకా నిటారుగా నిలబడలేదు, తాళ్ళు బిగించి సరిచెయ్యాలి. అందరూ ఎప్పటిలాగే నాన్న కేసి చూశారు, ఎటు లాగాలో చెబుతాడని. నాన్న జనంలోంచి నడిచి వెళ్ళి, ఎడమవైపు తాడు చివర, అందరికంటే వెనక, ఒక్కచేత్తో పట్టుకున్నాడు.

పట్టుకుని, తల తిప్పి అన్నయ్యను అడిగాడు.

“ఎటు లాగమంటావు?”